మామకు గిట్టని ఫ్యాను

మా మామను ఐసుపెట్టెలో పడుకోబెట్టి ఉండగా చూసి నాకు మొదట నవ్వొచ్చింది. ఏడుపు రాలేదని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. విరుదునగర్‌లో ఆయన ఇంటి హాలు మధ్య, అద్దెకు తెచ్చిన అద్దాల పెట్టెలో, తెల్ల పంచెతో, భుజాన మడత నలగని తువాలుతో మామ కళ్లు మూసుకుని ఉన్నాడు. పెట్టె అడుగున ఒక ఫ్యాను బర్రుమని తిరుగుతోంది. పైన మనిషి ఆగిపోయాడు, కింద ఫ్యాను ఆగలేదు. బతికినన్నాళ్లూ దేనితో పోట్లాడాడో అదే ఇప్పుడు ఆయన నడుం కింద చేరి పనిచేస్తోంది. ఆయన లేచి తిట్టలేడు. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. చూసినవాళ్లు దుఃఖం అనుకున్నారు. అనుకోనిచ్చాను.

మా అమ్మ లోపలికి రాలేదు. ఆమె ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. కోవిల్‌పట్టి నుంచి నా కారులోనే తీసుకొచ్చాను. వీధిలో వేసిన పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది, అంతే. అవ్వ, అంటే వాళ్లిద్దరినీ కన్నతల్లి, చనిపోయినప్పటి నుంచి అమ్మ అన్నతో మాట్లాడలేదు. దానికి ఏళ్లు గడిచాయి. శవం లేచేలోపు చెల్లెలు వచ్చి నోట్లో బియ్యం వేస్తుందా, వెయ్యదా అన్నదే హాల్లో కూర్చున్న అందరి ప్రశ్న. ఏడుస్తున్నవాళ్లు కూడా మధ్యమధ్య కొంగు తప్పించి గుమ్మం వైపు చూస్తున్నారు.

చనిపోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. అక్కడ ఆ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. పప్పుల మండీలో మాటంటే మాట అట, ఎవరింట్లో శుభకార్యమైనా ముందుండేవాడట. ముందుండేవాడు, నిజమే. వెనక ఎవరున్నారో ఎప్పుడూ చూసుకోలేదు, అదొక్కటే తక్కువ.

నాకు ఆయన పేరు చెప్పగానే ముఖం గుర్తుకు రాదు, అరచేతులు గుర్తుకొస్తాయి. ఏ పనైనా ముగిసిందని ఆయనకు అనిపిస్తే పిండి దులుపుకున్నట్టు రెండు అరచేతులూ ఒకదానికొకటి చరిచి, "ఆరిపోయె" అనేవాడు. ఆ తరువాత ఇక ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు.

ఆ మాట గురించి కాస్త చెప్పాలి. మేము ఇంట్లో మాత్రమే తెలుగువాళ్లం. గడప దాటితే తమిళం. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు మా మాట విని తాతల నాటి తెలుగు అంటారు, తమిళం వాసన అంటారు. దీపం మలిగితే మీలాగే మేమూ ఆరిపోయె అంటాం. కానీ కాఫీ చల్లబడినా, పుండు మానినా, కోపం దిగినా కూడా తమిళం మాదిరే ఆరిపోయె అంటాం. నిప్పు ఆరడానికీ వేడి ఆరడానికీ మాకు ఒకటే మాట. మిగతావాళ్లం సందర్భాన్ని బట్టి ఏది ఏదో తెలుసుకుంటాం. మామ తెలుసుకోలేదు. ఆయన దృష్టిలో ఆపడమంటే చల్లబడడమే. అత్త పొయ్యి ఆపిన మరుక్షణం పప్పుగిన్నె చేత్తో పట్టుకునేవాడు, చెయ్యి చురుక్కుమనగానే గిన్నెను తిట్టేవాడు, గిన్నె తెచ్చిన అత్తను తిట్టేవాడు, తరువాత చేతులు దులిపి "ఆరిపోయె, అన్నం పెట్టు" అనేవాడు. అత్త కళ్లు తుడుచుకుంటూ పెట్టేది.

పెళ్లిళ్లలో కూడా అంతే. తాళి కట్టగానే మండపంలో ఫ్యాన్లు ఆపించేవాడు. ముహూర్తం అయిపోయిన తరువాత ఇంకా గాలి దేనికని ఆయన సందేహం. పెళ్లికూతురు చెమటతో ముద్దవుతుంటే, అటు తిరిగి వంటవాళ్ల మీద అరుస్తూ ఉండేవాడు. ఎవరినైనా నలుగురిలో నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టి, ఊపిరి తిప్పుకునేలోపే వాళ్ల భుజం మీద చెయ్యి వేసి పిల్లలు ఎలా ఉన్నారని అడిగేవాడు. ఆ మనిషి ముఖం ఇంకా ఎర్రగానే ఉండేది. మామకు అది మర్యాద తెలియనితనంగా కనిపించేది.

నేను పెద్దయ్యాక, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఆఫీసు పని చేసుకుంటూ, ఈ తెలుగు అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. మా ఇంట్లో ఎవరికీ రావు. పలక మీద అ ఆలు దిద్దుతుంటే మామ చూసి, "ఏమి పాపా ఇది? మాట్లాడేసిన మాట ఆరిపోయె గదా, దాన్ని మల్లీ రాసేది ఎందుకు?" అన్నాడు. అప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు రాస్తున్నాను కదా, ఇదే జవాబు అనుకోమనండి.

ఇక కారు. మామకు మొదట ఒక పాత తెల్ల కారు ఉండేది. దాని ఫ్యాను ఇంజనుకే బెల్టుతో కట్టి ఉండేది. ఇంజన్ తిరిగితే ఫ్యాను తిరిగేది, ఆగితే ఆగేది. మామకు అది చాలా బుద్ధిగల బండి. అది ముసలిదై పోయాక కొత్తది కొన్నాడు. పూలదండ వేసి, నిమ్మకాయలు తొక్కించి, వీధంతా చూస్తుండగా ఇంటిముందు నిలిపి ఇంజన్ ఆపాడు. దిగి తలుపు వేశాడు. లోపల ఫ్యాను బుర్రున తిరుగుతూనే ఉంది.

మామ తాళం చెవిని పైకెత్తి అందరికీ చూపించాడు. "సావి నా చేతిలో ఉండాది. ఇంక లోపల ఎవడు తోలుతా ఉండాడు?"

ఎవరో నవ్వారు. అదే ఆ కారు చేసుకున్న పాపం. ఆ రోజు నుంచి ఆయనకు ఆ ఫ్యాను దొంగ. బ్యాటరీ తాగేసే దొంగ. కంపెనీవాడి తిమురు, ఒట్టి పొగరు. బండి నిలిపినప్పుడల్లా దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, అది ఆగేదాకా తిట్టేవాడు.

మా కోవిల్‌పట్టి ఇంటికి వచ్చినప్పుడు నేను చెప్పి చూశాను. బండి సర్వీసు చేసేవాళ్లను అడిగి తెలుసుకున్నదే. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ పంపు నీళ్లను ఆ ఇనుము చుట్టూ తిప్పుతూ ఉంటుంది. ఆపితే పంపు ఆగుతుంది, నీళ్లు ఉన్నచోటే నిలిచిపోతాయి. ఇనుములో వేడి మాత్రం ఎక్కడికీ పోదు. నిలిచిన నీళ్లు ఆపిన తరువాతే ఇంకాస్త కాగుతాయి. అందుకే ఫ్యాను మరికాసేపు తిరిగి, చల్లబడ్డాక తనే ఆగుతుంది.

"ఇడ్లీ పాత్ర ఉండాది గదా మామా," అన్నాను. "పొయ్యి ఆపినంక కూడా మూత తీస్తే ఆవిరి కొడతాది గదా. అట్ల."

"ఇడ్లీ పాత్రకు ఎవడు పాపా ఫ్యాను పెడతాడు?"

"వేడి ఉండాది అని చెప్తా ఉండాను."

"ఆపితిని గదా. ఆపితే ఆరిపోయె. ఆరినదానికి గాలి ఎందుకు? నీ మాదిరి చదివినోల్లను చూసే కంపెనీవాడు ఏమారుస్తాడు."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. అన్న మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆమెకు లేదు. నా వైపు చూసి ఊరుకోమన్నట్టు తల ఊపింది.

తరువాతి వారమే మామ ఎవడో కరెంటు పనివాణ్ణి పట్టుకుని ఫ్యాను తీగను తాళానికి కలిపించాడు. ఇక తాళం తిప్పి ఆపితే ఫ్యానూ ఆగాల్సిందే. ఆ ఘనకార్యం చూపించడానికి పనిగట్టుకుని మా ఊరు వచ్చాడు. మమ్మల్ని వీధిలో నిలబెట్టి, ఇంజన్ ఆపి, చెవి ఒగ్గి వినమన్నాడు. ఏమీ వినిపించలేదు. "చూస్తిరా?" అని చేతులు దులుపుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో ముందు టైర్ల మధ్య నుంచి ఆకుపచ్చ నీళ్లు కొంచెం కొంచెంగా కారి మట్టిలో ఇంకుతున్నాయి. ఏసీ నీళ్లన్నాడు. ఏసీ నీళ్లకు రంగుండదని అన్నాను. కొత్త బండికి ఉంటుందన్నాడు. ఆయనతో వాదించడానికి మనకు ఇంకో జన్మ ఉండాలి.

అవ్వ సంగతి చెప్పాలి. చెప్పకుండా తప్పించుకోవాలని చూస్తే ఈ తిట్లన్నీ ఊరికే అవుతాయి.

అది ఎండాకాలం. విరుదునగర్‌లో మామ ఇంట్లో అవ్వ మంచాన పడి ఉంది. మామ ఏదో పెళ్లి పిలుపుకు కోవిల్‌పట్టి వచ్చి, మా ఇంట్లో భోంచేసి చెయ్యి కడుక్కుంటున్నాడు. విరుదునగర్ నుంచి అత్త ఫోను చేసింది. అవ్వ గుటక వెయ్యడం లేదు, ఊపిరి మారింది, చెల్లెల్ని వెంటనే తీసుకురమ్మంది. పోయే ప్రాణానికి కన్నబిడ్డ చేతిపాలు గొంతు దిగాలని మా వాళ్ల ఆనవాయితీ. మామ పొద్దున్నే పోసి వచ్చాడట. అమ్మదే మిగిలింది. అమ్మ పొయ్యి మీది పాలు ఒక మూతగిన్నెలో పోసుకుని, చీర కూడా మార్చుకోకుండా బస్‌స్టాండుకు బయలుదేరింది.

"నా బండి వీధిలో నిలిచి ఉండంగా నా చెల్లెలు బస్సుకు పోయేదా?" అన్నాడు మామ. అమ్మ కారెక్కింది. నేను వెనక కూర్చున్నాను.

సాత్తూరులో మామ బండి ఆపాడు. ఎందుకని అడగండి. కారప్పూస కొనడానికి. ఇంటినిండా జనం వచ్చి ఉంటారు, కాఫీతో పెట్టడానికి ఏదైనా ఉండాలట. తల్లి ఊపిరి పోతుంటే ఆ మనిషికి తోచిన సంగతి అది. రోడ్డుపక్క ఎండలో ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, అంగడిలో ఒక్కొక్క రకం రుచి చూసి మరీ తూయించాడు. బండి ముందు భాగంలో లోపలెక్కడో బుడబుడమంటోంది. నేను కిటికీలోంచి పిలిచి చెప్పాను. "సుమ్మా ఉండు పాపా, ఆరిపోతాది" అని ఊరుకోమన్నాడు.

మళ్లీ బయలుదేరాక ఎక్కువ దూరం పోలేదు. వేడి చూపించే ముల్లు చివరికి ఎక్కింది, బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచింది. రోడ్డుపక్క వెళ్లరిక్కాయలు, అంటే దోసకాయలు, అమ్ముకునే చోట బండి ఆగిపోయింది. మామ దిగి బానెట్ ఎత్తాడు. ఇంజన్ ఆగింది కాబట్టి ఆయన లెక్కకు అది ఆరినట్టే. తువాలైనా అడ్డం పెట్టుకోకుండా ఒట్టి చేత్తో రేడియేటర్ మూత తిప్పాడు. కాగిన నీళ్లు చేతిమీదికి చిమ్మాయి. ఆయన కేక విని వెళ్లరిక్కాయలమ్మే ఆవిడ గంప వదిలి పరుగెత్తుకొచ్చింది.

అప్పుడొక బస్సు వచ్చింది. ఆ రోడ్డు మీద మామూలుగా చెయ్యెత్తితే ఆపరు. అమ్మ పాలగిన్నె పట్టుకుని రోడ్డు మీదికే నడిచింది, అందుకని డ్రైవరు ఆపాడు. కండక్టరు ఎక్కమన్నాడు. అమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టింది కూడా.

"దిగే," అని మామ వెనక నుంచి అరిచాడు. "కారులో బయలుదేరినది బస్సులో దిగితే ఊరు ఏమనుకుంటాది? నా బండి చెడిపోయె అనేదా? ఇదో, ఆరిపోయె. నీల్లు పోస్తే బండి కదులుతాది."

అమ్మ ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది, కాలు దించింది. చిన్నప్పటి నుంచి దించిన కాలే అది. మామ కాలిన చేతినే ఊపి బస్సును పొమ్మన్నాడు.

నీళ్లు దొరికి, బండి నిజంగా చల్లబడి, ఈడుస్తూ విరుదునగర్ చేరేసరికి పొద్దు వాలింది. అవ్వ నోరు కొంచెం తెరిచే ఉంది. అమ్మ పక్కన కూర్చుని గిన్నె మూత తీసింది. ఆ ఎండకు పాలు విరిగిపోయాయి. ఇంట్లో వేరే పాలు తెచ్చి ఇచ్చారు. అమ్మ చెంచాతో పోసింది. పోసినవన్నీ పెదవి పక్కనుంచి దిండు మీదికి జారిపోయాయి. అమ్మ కొంగుతో తుడిచి, మళ్లీ పోసింది. ఎవరో వచ్చి చెంచా తీసుకున్నారు. ఆ సమయంలో మామ హాల్లో కూర్చుని, చేతికి కట్టు కట్టించుకుంటూ, కారు కంపెనీవాడు నాసిరకం రేడియేటర్ పెట్టాడని వచ్చినవాళ్లకు చెబుతున్నాడు. ఆయన గొంతు నాకు లోపలి గదిలోకి స్పష్టంగా వినిపిస్తోంది. ఆ గొంతును నేను ఇప్పటికీ క్షమించలేదు.

కర్మలన్నీ ముగిసిన రోజు వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, మామ కట్టు లేని చేత్తో కట్టున్న చేతిని మెల్లగా చరిచాడు. "సరి. అయ్యేది అయిపోయె, అంతా ఆరిపోయె. ఏమే, కాఫీ పొయ్యి."

అమ్మ కాఫీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. నిలబడే చెప్పింది. "నీకు ఆరె అన్నా. నాకు ఆరలా."

అన్నతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అది. మామకు అర్థం కాలేదు. అమ్మ లోపలికి వెళ్లాక అత్తను అడిగాడు, కాఫీ వేడిగా ఉందని చెబుతోందా అని.

ఆ తరువాత కూడా మామ కోవిల్‌పట్టి రావడం మానలేదు. మానితే తప్పు తనదని ఒప్పుకున్నట్టవుతుంది కదా. వచ్చేవాడు, వాకిట్లో కుర్చీలో కూర్చునేవాడు. అమ్మ కాఫీ పెట్టి లోపలికి వెళ్లిపోయేది. ఆయన గోడతో మాట్లాడినట్టు ధాన్యం ధరల గురించి, వాన గురించి కాసేపు మాట్లాడి లేచేవాడు. బండి బాగుచేయించాడు గానీ ఫ్యాను తీగ మాత్రం మార్పించలేదు. ఆ పనివాణ్ణి మళ్లీ పిలిచి తీగ విప్పమంటే ఆయన పరువేం కావాలి?

ఒక మధ్యాహ్నం నేను కిటికీ దగ్గర ఉన్నాను. మామ కారు వచ్చి గేటు ముందు ఆగింది. ఆయన దిగి, వీధి అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరని తేల్చుకుని బానెట్ ఎత్తి, భుజం మీది తువాలు తీసి, ఇంజనుకు విసరడం మొదలుపెట్టాడు. మోచేతిదాకా చెమట కారుతోంది. పసిబిడ్డకు విసిరినట్టు, అంత పెద్ద మనిషి, మండుటెండలో ఇనుముకు విసురుతున్నాడు. తను ఆపించిన ఫ్యాను పని తనే చేస్తున్నాడు. అంటే తెలిసిందన్నమాట. ఎప్పుడో తెలిసింది. చెప్పుకోవడానికి నోరు రాలేదు, అంతే. నాకు మొదట నవ్వొచ్చింది, తరువాత ఒళ్లు మండింది. తెలియక చేసినవాణ్ణి ఎగతాళి చేసి ఊరుకోవచ్చు. తెలిసి తువాలుతో విసురుకునేవాణ్ణి ఏం చెయ్యాలి?

వెనక్కి తిరిగితే అమ్మ నా భుజం మీదుగా చూస్తోంది.

"పైత్యం," అంది. కాఫీ పెట్టడానికి వెళ్లింది. ఆ రోజూ ఆయనతో మాట్లాడలేదు. ఆయన వచ్చిన ప్రతిసారీ అంతే చేసేవాడని నాకు తరువాత తెలిసింది. అమ్మకు ముందే తెలుసు.

ఇదంతా ఐసుపెట్టె పక్కన నిలబడి తలుచుకుంటుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది. "మీ అమ్మను పిలువు పాపా. ఇంక ఎత్తేస్తారు."

నేను పందిరి కిందికి వెళ్లాను. పిలవాల్సిన పని లేకపోయింది. నన్ను చూడగానే అమ్మ కుర్చీలోంచి లేచింది. జనం దారి ఇచ్చారు. పెట్టె మూత తీసి ఉంది. అమ్మ పిడికిట్లో బియ్యం తీసుకుని ఆయన నోట్లో వేసింది. ఏడవలేదు. ఆయన కుడిచెయ్యి పొట్ట మీద పెట్టి ఉంది. మణికట్టు నుంచి వేళ్లదాకా ఆ పాత మచ్చ, తెల్లగా, ముడతలుగా. అమ్మ దాన్ని చూసింది. ఆయన భుజం మీది తువాలు లాగి ఆ చేతిమీద కప్పింది. మచ్చ కనిపించకుండా కప్పిందో, కాలిందని కప్పిందో నాకు తెలియదు. గుమ్మం వైపు చూసినవాళ్లందరూ ఇప్పుడు గట్టిగా ఏడ్చారు.

పెట్టె తెచ్చినవాడు గోడ దగ్గర స్విచ్ ఆపాడు. ఫ్యాను ఆ క్షణమే ఆగిపోయింది. మామ చూసి ఉంటే చాలా మెచ్చుకునేవాడు.

తిరుగుదారిలో అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సాత్తూరు దాటేటప్పుడు కళ్లు మూసుకుంది. ఎండ ఇంకా తగ్గలేదు. కోవిల్‌పట్టిలో మా గేటు ముందు బండి నిలిపి ఇంజన్ ఆపాను. ముందు భాగంలో ఫ్యాను అందుకుంది. ఎప్పుడూ నాకంటే ముందు దిగే అమ్మ దిగలేదు. చావింటి నుంచి వచ్చాం, తలస్నానం చెయ్యాలి, అయినా దిగలేదు. సీటు బెల్టు కూడా తియ్యకుండా ఆ ఫ్యాను చప్పుడు వింటూ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. కాసేపటికి ఆమె భుజాలు కదలడం కనిపించింది. ఏడుపు ఫ్యాను హోరులో వినిపించలేదు. నేను ఆమె వైపు తిరగలేదు, స్టీరింగ్ మీద నా చేతులు చూసుకుంటూ ఉండిపోయాను.

ఫ్యాను ఆగింది. వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"దిగుదామా అమ్మా?" అన్నాను. "ఆరిపోయె."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"బండికి ఆరె పాపా," అంది. "నువ్వు పో. నేను నిదానంగా వస్తా."

తలుపు తెరిచే ఉంచి, నేను లోపలికి వెళ్లాను.